నీళ్లు తోడిన వాళ్లకు తెలుసు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నెల కింద ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ఆఫ్రికా పోయొచ్చావట కదా, దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నాడు. సరేనన్నాను. తీరా రాసుకుందామని కూర్చుంటే ఆఫ్రికా గురించి రెండు పేజీలు, మన ఊళ్ల గురించి ఆరు పేజీలు వచ్చాయి. కాబట్టి సింహాలు, ఏనుగుల కథలు వినొచ్చని ముందు వరుసలో చేరిన పిల్లలు నన్ను క్షమించాలి. నేను అక్కడ చూసినవి చేతిపంపులు. ఇక్కడికొచ్చి చూసినవీ దాదాపు అవే.

నన్ను ఎరగనివాళ్ల కోసం ఒక మాట. నాది 1985 పదో తరగతి బ్యాచి. మెకానికల్ ఇంజనీరింగు చదివి, ముప్పై ఏళ్లుగా పంపులు, పైపులు, వాల్వుల మధ్య బతుకుతున్నాను. మా ఇంట్లో అందరం ఆదివారం చర్చికి పోయేవాళ్లం. ఈ సభలో అన్ని మతాల మిత్రులూ ఉన్నారు. నేను చెప్పేది నా విశ్వాసం లోంచే వస్తుంది. కానీ దాన్ని వినడానికి ఎవరూ తమ విశ్వాసాన్ని బయట విడిచి రానక్కర్లేదు.

పోయిన ఏడాది సెప్టెంబరులో మా చర్చి తరఫున ఆరుగురం మలావీ దేశానికి వెళ్లాం. ఒక పాస్టరు గారు, ఒక నర్సు, ఒక టీచరు, ఇద్దరు మెకానిక్కులు, నేను. మలావీ ఆఫ్రికాకు ఆగ్నేయాన ఉన్న చిన్న దేశం. 1964లో స్వతంత్రమైంది. దేశం పొడవునా పెద్ద సరస్సు ఉంది. అక్కడి ఒక పెద్ద నగరం పేరు బ్లాంటైర్. ఆ పేరు స్కాట్లాండులో డేవిడ్ లివింగ్‌స్టన్ పుట్టిన ఊరిది. మేం తిరిగింది దక్షిణ ప్రాంతపు పల్లెల్లో. ఎర్రమట్టి, మామిడి చెట్లు, మొక్కజొన్న చేలు, నెత్తిన బిందెలు, చంకన పిల్లలు. ఫొటో తీసి మన ఇల్లెందు దగ్గరి ఊరని చెబితే సగంమంది నమ్ముతారు.

మా పని పాడైన చేతిపంపులను బాగుచేయడం, బాగుచేయడం ఆ ఊరివాళ్లకు నేర్పడం. అక్కడ ఎక్కువగా కనిపించేది ఆఫ్రిడెవ్ అనే పంపు. 1980లలో కెన్యా, మలావీల్లో ప్రయోగాలు చేసి రూపొందించారు. దాని గొప్పతనం ఏమిటంటే, లోపలి పిస్టన్‌ను, అడుగు వాల్వును పైకి తీయడానికి పైపులన్నీ పీకనక్కర్లేదు. ఊరి మనుషులే ఒకటి రెండు పానాలతో తీసి, రబ్బరు సీలు మార్చి, మళ్లీ దించవచ్చు. ఊళ్లోనే నిలబడి ఊరే బాగుచేసుకునే పంపు అన్నది దాన్ని తయారుచేసిన వాళ్ల ఆలోచన.

అయినా మేం చూసిన పంపుల్లో చాలా మూగబోయి ఉన్నాయి. ఒక ఊళ్లో ఎనిమిది నెలలుగా నీళ్లు లేవు. ఆడవాళ్లు ఎండిన వాగులో ఇసుక తవ్వి, ఊరే నీటిని చిప్పతో బిందెలోకి తోడుతున్నారు. మా టీచరమ్మ దాన్ని చూసి, "ఇది చెలమే కదా!" అంది. మన మాటకు అక్కడి మాట ఏమిటో నాకు తెలియదు గాని, చెలమ మాత్రం చెలమే. ఆ పంపు విప్పి చూస్తే పోయింది ఒక్క రబ్బరు సీలు. మన లెక్కలో ఒక పూట కూరగాయల సంచి ఖర్చు. ఊరివాళ్ల దగ్గర డబ్బు లేదా అంటే ఉంది. కమిటీ వేసుకుని ఇంటింటికీ వసూలు చేసిన డబ్బు తాళం వేసిన పెట్టెలో ఉంది. సీలు అమ్మే దుకాణం దూరం. ఏ కొలత అడగాలో తెలిసిన మనిషి ఊరు వదిలి పనికి పోయాడు. అంతే కథ.

సీలు మార్చడానికి గంటన్నర పట్టింది. నీళ్లు పడ్డాయి. ఒక ముసలమ్మ మొదటి దోసిటితో తాను తాగకుండా మనవరాలి మొహం కడిగింది. అందరూ "జికోమో, జికోమో" అన్నారు. అంటే కృతజ్ఞతలని. ఎవరో ఇది దేవుడి అద్భుతం అన్నారు. నాకు ఇంజనీరు బుద్ధి కదా, దుబాసీతో "అద్భుతం కాదు, రబ్బరు ముక్క అని చెప్పు" అన్నాను. ఊరి పెద్ద నవ్వి ఇచ్చిన జవాబును దుబాసీ మాకు ఇలా చెప్పాడు: "రబ్బరు ముక్క దుకాణంలో ఎప్పుడూ ఉంది. అది మా దాకా నడిచి రావడమే అద్భుతం."

ఆ మాటను నేను విమానంలో వెంట తెచ్చుకున్నాను. ఇవాళ మీ ముందు పెడుతున్నది కూడా అదే.

మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న బోరింగు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మనం చిన్నప్పుడు ఊగి ఊగి కొట్టిన బోరింగు పేరు ఇండియా మార్క్-2. 1960ల కరువులో బోర్లు వేయడం మొదలయ్యాక, వాటి మీద పెట్టిన పోత ఇనుప పంపులు ఊరంతా కొట్టేసరికి విరిగిపోయేవి. అవి ఒక ఇంటి వాడకానికి చేసినవి. అప్పుడు మహారాష్ట్రలో జాల్నా, షోలాపూర్ దగ్గర బోర్లు వేస్తున్న మిషన్ బృందాల మెకానిక్కులు తమ షెడ్లలోనే ఉక్కుతో గట్టి పంపులు చేశారు. షోలాపూర్ పంపు ఆధారంగా యూనిసెఫ్, భారత ప్రభుత్వం, మన ఇంజనీర్లు కలిసి 1970ల చివరికి మార్క్-2ను తీర్చిదిద్దారు. అది ఇక్కడినుంచి ఆఫ్రికా దేశాలకు కూడా పోయింది. ఎక్కడో ఒక షెడ్డులో, పేరు కూడా గుర్తులేని వెల్డరు, "ఈ పిడి ఇలా ఉంటే విరగదు" అని ఆలోచించి ఉంటాడు. కోట్లమంది ఆ ఆలోచనను తాగారు.

అక్టోబరు మొదటి వారంలో తిరిగొచ్చి, హైదరాబాదులో సామాను పడేసి, అమ్మ దగ్గరికి ఊరికి వచ్చి మూడు వారాలు ఉన్నాను. పొద్దున్నే వాకిట్లో నల్లా దగ్గర చప్పుడైతే లేచి చూశాను. అమ్మ బిందె పెట్టి, నీళ్లు నిండేలోపు ముగ్గు వేస్తోంది. భగీరథ నీళ్లు. ఆ నల్లా మా వాకిట్లోకి వచ్చి చాలా ఏళ్లయింది, ఎవరూ దాన్ని ప్రత్యేకంగా చూడరు. చూడకపోవడమే దాని విజయం అనుకోండి. కానీ ఆ నల్లా వెనకాల ఏముందో వృత్తిరీత్యా నాకు తెలుసు. నది దగ్గర బావి, శుద్ధి చేసే చోటు, గుట్ట మీది ట్యాంకు, అర్ధరాత్రి మోటారు వేసే మనిషి, తెల్లారి వాల్వు తిప్పే మనిషి. వీళ్లలో ఒక్కడు ఒక్కరోజు పడుకుంటే అమ్మ బిందె ఖాళీ. అమ్మతో, "అమ్మా, ఇది ఎంత అద్భుతమో తెలుసా?" అన్నాను. అమ్మ నావైపు చూసి, "తెలుసు నాయనా. నీ చిన్నప్పుడు మైలు దూరం మోసింది నేనే కదా" అంది.

ఆ మూడు వారాల్లో నేను పనిగట్టుకుని ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఇంజనీరు అలవాటు. రోజుకు ఒకటి, మన చుట్టూ జరిగిపోతున్నదీ, జరగకపోతే మాత్రమే మనకు కనపడేదీ రాసుకోవాలని. అందులోంచి మూడు చెబుతాను.

ఒకటి. మా ఊరికి అవతల వాగు దాటితే కోయ గుంపు ఒకటి ఉంది. అక్కడ ఒక పిల్లవాడికి చలిజ్వరం. ఆశా కార్యకర్త గుట్టెక్కి వెళ్లి, వేలు పొడిచి రక్తం చుక్క పరీక్ష పట్టీ మీద వేసి, కూర్చుంది. పదిహేను ఇరవై నిమిషాల్లో మలేరియా అవునో కాదో తేలిపోతుంది. అవునని తేలింది. మాత్రలు ఇచ్చి, మొదటి మోతాదు తన కళ్లముందే మింగించింది. "రేపు మళ్లీ వస్తా, మింగావో లేదో చూస్తా" అంది. వచ్చింది కూడా. ఈ ప్రాంతంలో జ్వరం అంటే మన తాతల కాలంలో ఎట్లా భయపడేవాళ్లో పెద్దవాళ్లు చెబుతారు. మన్యం జ్వరం అంటే బయటి ఉద్యోగులు బదిలీ మీద రావడానికి జంకేవాళ్లు. ఇప్పుడు ఆ భయానికి ఎదురుగా నిలబడింది సంచీ భుజాన వేసుకున్న ఒక పదో తరగతి చదివిన ఆడమనిషి. ఆశా వ్యవస్థ 2005లో మొదలైంది. 108 అంబులెన్సు కూడా ఆ ఏడాది ఆగస్టు 15నే మన రాష్ట్రంలో రోడ్డెక్కింది. నెలలు నిండిన ఆడబిడ్డను డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన మనుషులు, రోడ్డు మీద ఎదురుచూసే బండి. ఆ రెండూ కలిసే చోట ఒక తల్లీ బిడ్డా బతుకుతారు. డోలీ అవసరం లేని రోజు రావాలి. వచ్చేదాకా ఆ భుజాలను మరచిపోకూడదు.

రెండోది గోదావరి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. మా వయసువాళ్లకు ఆ అంకె ఇంటిపేరులా గుర్తు. 2022 జులై 16న 71.3 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన వంతెన అది. దానికి ముందు పడవల మీద దాటేవాళ్లు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మన దగ్గర చదువు రాని ముసలమ్మ కూడా చెబుతుంది. కానీ ఆ అంకె మనదాకా ఎట్లా వస్తుంది? ఎగువన ఒక్కో చోట ఒక్కో మనిషి వానలో గొడుగేసుకుని గంటగంటకూ కొలబద్ద మీద నీటి గీత చదువుతాడు. పైన ఇంద్రావతి ఎంత తెస్తోంది, తాలిపేరు ఎంత వదులుతోంది, కింద కూనవరం దగ్గర శబరి పొంగి గోదావరిని ఎదురు నెడుతోందా అని లెక్క కడతారు. ఆ లెక్క వల్ల 2022లో వేలమందిని ముందుగానే పునరావాస కేంద్రాలకు చేర్చగలిగారు. వరదను ఆపడం ఎవరి వల్లా కాదు. అది వచ్చేలోపు ఒక తల్లి పిల్లల్నీ మేకల్నీ పట్టుకుని గట్టెక్కేంత సమయం ఇవ్వడం మనుషుల వల్ల అయింది. నా పుస్తకంలో దానికి ఒక పేజీ ఇచ్చాను.

మూడోది ఈ బడి పక్కనున్న ప్రాథమిక పాఠశాల. ఒకటో తరగతిలో కోయ పిల్లలు, లంబాడీ పిల్లలు, మన తెలుగు పిల్లలు కలిసి ఉన్నారు. టీచరు ఆవు బొమ్మ చూపించి ముందు కోయలో అడిగి, తర్వాత తెలుగులో చెబుతోంది. ఇంటి భాషలో మొదలుపెట్టి బడి భాషలోకి నడిపించే ఈ పద్ధతిని ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో మొదలుపెట్టారు. కోయ అందులో ఒకటి. పుస్తకాలు ఉంటాయి, పోతాయి, పథకాల పేర్లు మారుతాయి. ఆ టీచరు మాత్రం ఎవరూ చెప్పకుండానే దాన్ని కొనసాగిస్తోంది. పిల్లవాడు తన అమ్మ మాటలో జవాబిచ్చినప్పుడు వాడి మొహం చూడాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ మూడు వారాల్లో ఒకరోజు మన తెలుగు సారును చూడటానికి వెళ్లాను. ఎనభై దాటాయి. చూపు తగ్గింది గాని నాలుక తగ్గలేదు. మలావీ సంగతులన్నీ ఓపిగ్గా విని, "ఏం రా, నీళ్ల కోసం సముద్రాలు దాటి పోవాలా? మన గుట్టల్లో చెలమలు లేవా?" అన్నారు. ఇది చాలామంది మనసులో ఉండే ప్రశ్నే. నా స్నేహితులు మర్యాద కోసం అడగరు. సారుకు ఆ మర్యాద అక్కర్లేదు.

నేను ఇచ్చిన జవాబు ఇది. "సార్, దూరం నుంచి వచ్చినవాళ్లు లేకపోతే మన దగ్గర ఈ బళ్లు ఇంత తొందరగా వచ్చేవా? తీసుకున్న ఊరు ఇవ్వడం కూడా నేర్చుకోవాలి కదా." సారు కాసేపు ఆలోచించి, "సరే, దుమ్ముగూడెం సంగతి చెప్పు" అన్నారు. ఆయనకు తెలియక కాదు. పిల్లవాడికి పాఠం వచ్చో రాదో చూడటానికి.

ఆ పాఠం మీకూ అప్పజెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక, గోదావరి మీద ఎగువకు పడవలు నడిపి నాగపూరు, బేరారు వైపు పత్తిని సముద్రానికి తేవాలని బ్రిటిషు ప్రభుత్వం ఆలోచించింది. నదిలో రాళ్ల అడ్డంకులు మూడు. మొదటిది భద్రాచలానికి ఎగువన మన దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టే పనికి వచ్చిన ఇంజనీరు ఫెలిక్స్ థాకరే హేగ్. మద్రాసు ఇంజనీర్ల దళం మనిషి, తర్వాత మేజర్ జనరల్ అయ్యాడు. పని చేస్తూ చుట్టూ ఉన్న కోయలను చూశాడు. వీళ్ల కోసం ఎవరైనా రావాలని చర్చి మిషనరీ సొసైటీని అడిగి, 1860 ప్రాంతంలో అక్కడ మిషన్‌కు పునాది వేయించాడు. ఆ పనుల్లో కొలువు చేస్తున్న వెంకటరామరాజు అనే తెలుగాయన ఉద్యోగం వదిలి కోయల మధ్య పనిచేశాడు, తర్వాత గురువుగా అభిషేకం పొందాడు. ఆ తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దశాబ్దాలపాటు దుమ్ముగూడెంలో ఉండి, కోయ భాష నేర్చి, కోయల ఆచారాల గురించి రాశాడు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలో కోయల గురించి ఉన్నదాంట్లో చాలా భాగం కెయిన్ రాతల నుంచి తీసుకున్నదే.

ఇప్పుడు ఇంజనీరుగా నాకు ఇందులో ఆసక్తి కలిగించేది వేరే ఉంది. ఆ పడవల పథకాన్ని 1871లో ప్రభుత్వం మానేసింది. లక్షలు పోసి కట్టిన లాకులు దాదాపు పని లేకుండా మిగిలాయి. హేగ్ ఏ పనికి జీతం తీసుకుని వచ్చాడో ఆ పని ఆగిపోయింది. ఖాళీ వేళల్లో పక్కకు చూసి చేసిన పని నిలిచింది. ఎందుకు నిలిచింది? దాన్ని రోజూ చూసుకునే మనిషి ఒకరు పోతే ఇంకొకరు దొరికారు కాబట్టి.

తెల్లవాళ్ల కథ మాత్రమే ఇది అనుకోవద్దు. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని మనుషులను పంపింది మన డోర్నకల్ వైపుకే. వాళ్లు ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. అందులో ముఖ్యుడైన అజరయ్య గారు 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ ఆయనే. అంతకంటే పాతది మన భద్రాద్రి స్థలపురాణం. రామదాసు గుడి కట్టడానికి ముందు పోకల దమ్మక్క అనే ఆదివాసీ స్త్రీ అక్కడి విగ్రహాలకు పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టేదని చెబుతారు. తానీషా కథ అందరికీ తెలుసు. రామదాసు చెర కథ అందరికీ తెలుసు. ఆ పందిరి కింద రోజూ ఊడ్చిన చేతిని మనం తక్కువ తలుచుకుంటాం.

మా బైబిలులో కానా ఊరి పెళ్లి కథ ఉంది. విందులో ద్రాక్షారసం అయిపోతుంది. యేసు పనివాళ్లతో రాతి బానల్లో నీళ్లు నింపమంటాడు. నింపుతారు. అది ద్రాక్షారసం అవుతుంది. విందు పెద్దకు ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పెళ్లికొడుకుకూ తెలియదు. నీళ్లు తోడిన పనివాళ్లకు మాత్రం తెలుసు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఈ కథ వింటే నీళ్లు రంగు మారడం ఒక్కటే గుర్తుండేది. ఇప్పుడు నాకు ఆ పనివాళ్లే కనిపిస్తున్నారు. అద్భుతం మధ్యలో నిలబడింది వాళ్లు. బానలు అంచుదాకా మోసింది వాళ్లు. మన నల్లా వాల్వు తిప్పే మనిషి, ఆశా అక్క, కొలబద్ద చదివే మనిషి, కోయలో అడిగే టీచరు, వీళ్లంతా ఆ వరుసలోని వాళ్లే.

దీన్ని ఇక్కడితో ఆపితే మంచి ప్రసంగం అవుతుంది, చప్పట్లు కొట్టి భోజనాలకు పోవచ్చు. కానీ సారు ప్రశ్నలో రెండో సగం మిగిలే ఉంది: "మన గుట్టల్లో చెలమలు లేవా?" ఉన్నాయి.

మన బడిలో ఇప్పుడు పనిచేస్తున్న టీచరమ్మ ఒకరు నాకు హాజరు రిజిస్టరు చూపించి ఒక మాట చెప్పారు. "సార్, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఏ గుంపు ఆడపిల్లలు బడికి రావడం లేదో చూస్తే, ఆ గుంపులో బోరింగు చెడిందని నేను చూడకుండానే చెప్పగలను." నేను ముప్పై ఏళ్లలో ఎన్నో రకాల మీటర్లు చూశాను. నీటి కొరతను ఇంత కచ్చితంగా కొలిచే మీటరు ఎక్కడా చూడలేదు. రిజిస్టరులో గైర్హాజరు గుర్తు పడిన ప్రతిచోటా ఒక పిల్ల బిందెతో వాగులో కూర్చుని ఉంది. పరీక్షల ముందు నెలలు అవి. అలా వెనకబడిన పిల్ల తర్వాతి జూన్‌లో తిరిగి రావడం కష్టం. ఒక గుంపు నుంచి ఎనిమిదో తరగతిలో చేరిన ఆడపిల్లల్లో పదో తరగతి రాసింది ఒక్కతే అని టీచరమ్మ వేలు పెట్టి చూపించారు.

రోడ్డు పక్క ఊళ్లకు నల్లా వచ్చింది. అడవి అంచు గుంపులకు, ముఖ్యంగా ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయల గుంపులకు, ఇంకా బోరింగే దిక్కు. అడవి లోపల కొత్త బోరు వేయాలంటే అనుమతుల సంగతి పెద్దది, అది ఈ సభ తేల్చేది కాదు. కానీ ఉన్న బోరింగు కొట్టేలా ఉంచడం మనవల్ల అవుతుంది.

నేను మండల చేతిపంపుల మెకానిక్కు వెంట రెండు రోజులు తిరిగాను. మోపెడు వెనక పైపు పానాలు, క్లాంపులు కట్టుకుని తిరిగే మనిషి. మార్క్-2 పంపుకు ఆఫ్రిడెవ్ సౌకర్యం లేదు. వాషరు పోతే పైపులన్నీ ఒక్కొక్కటీ పైకి లాగాలి. నలుగురు మనుషులు కావాలి. ఆయనకు ఉన్నవి రెండు చేతులు, చూసుకోవాల్సినవి చాలా ఊళ్లు. "గుంపులో ఇద్దరు పనివచ్చినవాళ్లు, ఒక సామాను పెట్టె ఉంటే నేను వారం పని ఒక్కరోజులో చేస్తా" అన్నాడు. మలావీ ఊరి పెద్ద మాటే అది. రబ్బరు ముక్క నడిచి రావాలి.

అందుకే ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మొదటిది, మన బడి సైన్సు గదిలో ఒక ఇనుప బీరువా. అందులో లెదరు వాషర్లు, వాల్వులు, చైన్లు, బోల్టులు, ఒక జత పానాలు, పైపులెత్తే క్లాంపులు. తాళం చెవి ప్రధానోపాధ్యాయుల దగ్గర, లెక్క పుస్తకం పదో తరగతి పిల్లల చేతిలో. రెండోది, మన బడికి పిల్లలు వచ్చే ప్రతి గుంపు నుంచి ఇద్దరికి మెకానిక్కు దగ్గర శిక్షణ. వాళ్లలో ఒకరు తప్పకుండా ఆడమనిషి కావాలి. ఆడవాళ్లు పైపులు లాగగలరా అని సందేహపడేవాళ్ల కోసం ఒక మాట: ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990లలోనే మహిళా సమాఖ్య కార్యక్రమం కింద దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపుల మెకానిక్కులై చూపించారు. నీళ్లు మోసేవాళ్లకే పంపు మీద పట్టు ఉండాలి. మూడోది, ప్రతి ఫిబ్రవరిలో, చెడకముందే, ప్రతి బోరింగునూ ఒకసారి విప్పి చూడటం. మా బ్యాచి ఆ నెలలో వచ్చి మెకానిక్కుకు చేతికింద పనిచేస్తుంది. పంచాయతీ అనుమతితో, పంచాయతీ పేరుతోనే ఇదంతా చేద్దాం.

దీనికి అయ్యే ఖర్చు లెక్క వేసి కార్యదర్శికి ఇచ్చాను. ఇవాళ ఈ షామియానాకు, భోజనాలకు, ఈ సంచికకు అయినదాని కంటే తక్కువే. డబ్బు మనకు కష్టం కాదు. కష్టమైనది ఐదో ఏడు, పదో ఏడు కూడా ఫిబ్రవరిలో రావడం. మొదటి ఏడాది ఫొటోలు ఉంటాయి, పేపర్లో వస్తుంది. పదో ఏడు ఎవరూ రారు. బోరింగుకు మాత్రం పదో ఏడే ఎక్కువ అవసరం. హేగ్ కట్టిన లాకులకూ, ఆయన పక్కకు చూసి మొదలుపెట్టిన పనికీ తేడా అక్కడే ఉందని ఇందాక చెప్పాను.

నేను దేవుణ్ని నమ్మేవాణ్ని. అద్భుతాలు జరుగుతాయని నమ్మేవాణ్ని. అవి చాలావరకు పొద్దున్నే లేచి, చెప్పులేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని బయలుదేరతాయని కూడా నమ్ముతాను. మీలో కొందరు దాన్ని దేవుడి పని అంటారు, కొందరు ధర్మం అంటారు, కొందరు డ్యూటీ అంటారు. పేరు ఏదైనా టీచరమ్మ రిజిస్టరులో ఫలితం ఒకేలా కనపడుతుంది.

వచ్చే ఏప్రిల్‌లో ఆ రిజిస్టరు చూడటానికి నేను మళ్లీ వస్తాను. నాతో ఎవరెవరు వస్తారో భోజనాల దగ్గర కార్యదర్శికి పేర్లు ఇవ్వండి.